కట్టుడు పళ్ళ లెక్కలో రెండొందల నలభై

మీరిప్పుడు చదవబోయేది ఒక మహాసంగ్రామం. ఒకవైపు భారత ప్రభుత్వం, రెండోవైపు మేము. మధ్యలో ఒక తల్లి మర్యాద, ఒక కూతురి పంతం, గుట్టు విప్పని వ్యాపారి ఒకరు, ఆయన ఎర్రగుడ్డ అట్ట పుస్తకం. చివరికి న్యాయం గెలుస్తుంది.

సరే, అంత లేదు. ఇది ఒక ఇన్‌కం ట్యాక్స్ ఫైలు. మొత్తం ఇరవై ఏడు పేజీలు, అందులో నాలుగు ఆధార్ జిరాక్సులే. యుద్ధభూమి మట్టెవాడలో గాజుల దుకాణం మీదున్న మా ఆఫీసు గది. ఆయుధం, రెండుసార్లు కొడితేగాని కాగితం లాగని ప్రింటర్.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే మనిషి రిటైర్ అయి ఉండాలంటారు. నేనయ్యాను. నాలుగేళ్ళు ఒక ట్యాక్స్ కన్సల్టెంటు దగ్గర పనిచేసి, ఇరవై ఎనిమిదో ఏట రిటైరై, ఇప్పుడు మా బావతో కలిసి ఇళ్ళమీద సోలార్ పలకలు బిగిస్తున్నాను. నా వీడ్కోలు సభకు ముగ్గురం హాజరయ్యాం, నాలుగు ప్లేట్ల మిర్చీలు ఖర్చయ్యాయి. మా సారు ఒక షర్టుగుడ్డ పెట్టాడు. ధర చీటీ పీకడం మర్చిపోయాడు కాబట్టి నా సేవల విలువ నాకు పైసలతో సహా తెలుసు. ఈ లైన్లో కొత్తగా చేరిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇప్పటికీ ఫోన్ చేసి, "అన్నా, నీ పండ్ల కేసు ఏందే" అని అడుగుతుంటారు. పండ్లంటే మా వైపు పళ్ళు. ఒక్కొక్కరికీ చెప్పేసరికి మెట్ల మీద పలక మోస్తూ మాట్లాడాల్సి వస్తోంది. అందుకే రాస్తున్నాను.

ముందు చట్టం. భయపడకండి, చిన్నదే. అరవై దాటిన అమ్మకో నాన్నకో ఆరోగ్య బీమా లేకపోతే, వాళ్ళ వైద్యానికి పిల్లలు పెట్టిన ఖర్చును ఏడాదికి యాభైవేల దాకా తమ ఆదాయంలోంచి తీసేసి, మిగిలినదానికే పన్ను కట్టొచ్చు. పళ్ళు కూడా ఒంట్లోనే ఉంటాయి కనుక పళ్ళ వైద్యం కూడా ఇందులోకి వస్తుంది. ఒకటే షరతు. డబ్బు నోట్ల రూపంలో ఇవ్వకూడదు. బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో వెళ్ళాలి, అంటే ఎవరికి చేరిందో ఆనవాలు ఉండాలి. ఈ చివరి ముక్క నేను చదివాను. చదవడం వేరు, పట్టించుకోవడం వేరు.

ఒక సోమవారం మధ్యాహ్నం మా ఆఫీసుకు ఒక మేడం వచ్చింది. హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్తుంది. నలభై ఐదేళ్ళుంటాయి. కూర్చోమనకముందే కూర్చుంది. ఫోను తీసి మా సారు ముందు పెట్టింది.

"సార్, జర ఇది చూడుండ్రి."

ఆదాయపు పన్ను శాఖ పంపిన సందేశం అది. మీరు తల్లి వైద్యానికి ఖర్చు పెట్టినట్టు చూపారు, ఆధారాలు పంపండి, పొరపాటున చూపి ఉంటే రిటర్ను సవరించి పన్ను కట్టండి అని దాని సారాంశం.

మా సారు ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాడు. ఆయన అనుభవసారం ఒక్క మాటలో చెప్పాలంటే "కట్టేయుండ్రి". శాఖ నుంచి ఏది వచ్చినా ఆయన మందు అదే. దగ్గినవాడికి కూడా అదే చెప్తాడేమోనని నాకు అనుమానం.

"మీ కాలేజీల ఇంకెవరికన్న వచ్చిందా మేడం?"

"ఇంకో తొమ్మిది మందికి వచ్చింది సార్. తొమ్మిది మందీ కట్టేసిన్రు."

"మరింకేంది. మీరు గూడ కట్టేయుండ్రి. పదివేల చిల్లర. పీడ పోతది."

"వాళ్ళు ఖర్చు పెట్టలే సార్. ఎవరో చెప్తే పెట్టినట్టు రాసుకున్నరు. నేను పెట్టిన."

"పెట్టలేదని నేనంటలేను."

"కట్టాల్నంటే ఏమని రాయాలె?"

"ఏం లేదు, తప్పుగ చూపిన అని ఒక టిక్కు."

ఆమె ఫోను వెనక్కి తీసుకుంది. "అంటే మా అమ్మ పండ్లు అబద్ధమని నేను టిక్కు పెట్టాల్నా సార్?"

జవాబు లేని ఫైళ్ళన్నీ నాకు ఇవ్వడం మా సారు పద్ధతి. "ఇగో, ఈ పిల్లగాడు చూస్తడు. కంప్యూటర్ మంచిగొస్తది," అన్నాడు. ఆ రిటర్ను వేసింది కూడా నేనే కాబట్టి ఇందులో కొంత న్యాయముంది. వేసేటప్పుడు నేను బిల్లులు చూపమని అడగలేదు. ఆమె చెప్పింది, నేను కొట్టాను. అప్పట్లో దానిని కస్టమరు మీద నమ్మకం అనేవాణ్ణి.

వివరాలు అడిగితే చెప్పింది. ఆమె తల్లికి డెబ్బై ఒకటి, బీమా లేదు. ముప్పై ఏళ్ళు ప్రతి ఆదివారం వాళ్ళ చర్చిలో వాక్యం చదివిన మనిషి. పళ్ళు ఒక్కొక్కటే ఊడి, ఉన్నవి కదిలి, మాటలో గాలి పోవడం మొదలయ్యాక, ఒక ఆదివారం ముందు బెంచీలో ఇద్దరు పిల్లలు నవ్వారట. ఆమె పుస్తకం మూసి పక్కవారికిచ్చి వచ్చి కూర్చుంది. మళ్ళీ లేవలేదు. రెండేళ్ళు. ఇంట్లో కూడా మాట తగ్గించింది. కూతురు స్కూటీ మార్చుకుందామని దాచిన డబ్బు తీసి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మిగిలినవి తీయడం, చిగుళ్ళకు వైద్యం, పైనా కిందా మంచి రకం కట్టుడు సెట్టు, అన్నీ కలిపి అరవై రెండు వేలు. నాలుగు విడతల్లో ఫోనులోనే కట్టింది.

"బిల్లు ఉన్నది, బ్యాంకు కాయితం ఉన్నది, అమ్మ ఉన్నది, పండ్లు ఉన్నయి," అంది. "ఇంకేం గావాలె?"

నాకూ ఏమీ అక్కర్లేదనిపించింది. డాక్టరు రసీదు, ఆమె బ్యాంకు స్టేట్‌మెంట్, తల్లి వయసుకు ఆధార్. స్టేట్‌మెంటులో నాలుగు చెల్లింపుల మీదా పసుపు రంగు పూశాను. కూడి చూస్తే అరవై రెండు వేల రెండొందల నలభై వచ్చింది. రసీదు కన్నా రెండొందల నలభై ఎక్కువ. ఏదో జీఎస్టీ అయి ఉంటుందిలే అనుకున్నాను. తమ్ముళ్ళూ, జీవితంలో అర్థం కాని ప్రతి చిన్న మొత్తాన్నీ జీఎస్టీ అనుకునే వయసొకటి ఉంటుంది. చక్కటి ఇంగ్లిష్‌లో ఒక పేజీ జవాబు రాసి, అన్నీ పోర్టల్‌లో ఎక్కించి, "అయిపోయింది మేడం, ఫికర్ చేయకుండ్రి," అని ఫోను చేశాను.

కొన్ని వారాలకు శాఖ జవాబిచ్చింది. మా సారు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత నన్ను పిలిచి పైకి చదవమన్నాడు. మీరు చూపిన నాలుగు చెల్లింపులూ మిఠాయిలు, తినుబండారాలు అమ్మే ఒక దుకాణపు ఖాతాకు చేరినట్టు గమనించడమైనది. కావున ఈ మినహాయింపును ఎందుకు తిరస్కరించరాదో వారం రోజుల్లో తెలపగలరు.

నేను స్టేట్‌మెంట్ తెరిచాను. పసుపు రంగు కింద, అంకెల పక్కనే, స్పష్టంగా, నాలుగు చోట్లా ఒక స్వీట్ హౌస్ పేరు ఉంది. నేను అంకెలు చూశాను. పేర్లు చూడలేదు.

"పండ్లకు పోయినయా, పండ్లు పాడుచేసేటోనికి పోయినయా?" అన్నాడు మా సారు.

"సార్, నేను..."

"నువ్వు మంచిగ పసుపు పూసినవు. ఆల్లకు ఎతుక్కునే పని లేకుంట జేసినవు." కళ్ళజోడు తీశాడు. "ఇప్పుడు పదివేలతోని పోదు. విచారణ మొదలైనంక సవరించుకునుడు గూడ ఉండదు. పన్ను, దానికి వడ్డీ, దొంగ లెక్క చూపినందుకు పన్నుకు రెండింతల జరిమానా. ఆ మేడంకు నువ్వే ఫోన్ చెయ్."

చేశాను. ఆమె తిట్టలేదు, అదే ఇబ్బంది. "డాక్టరుది మీద అంతస్తు, కింద మిఠాయి దుకాణం. స్కానర్ కిందనే ఉంటది అన్నరు, కొట్టిన. పేరు నేను గూడ చూడలే," అంది. "స్టాఫ్ రూంల రోజూ అడుగుతాన్రు, మేడం ఇంక కట్టలేదా అని. అబద్ధం చెప్పి దొరికినోల్లు తొమ్మిది మంది హాయిగ ఉన్నరు. నిజం చెప్పి నేను దొరికిన," అంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పరకాల నుంచి వచ్చి క్లినిక్ పెట్టిన కుర్రవాడు, నా వయసే. విషయం చెప్తే చేతి తొడుగులు తీయకుండానే తల పట్టుకున్నాడు.

"అన్నా, అది కింద మిఠాయి సేటు పెట్టిన పద్ధతే. రెండేండ్ల కింద, నేను కొత్తల కిరాయికి ఎనక పడ్డ. సేటేమన్నడంటే, నీ గిరాకీ అంత నా స్కానర్‌కు కొట్టిపియ్యి, వారానికొకసారి కిరాయి పట్టుకుని మిగిలింది నీకిస్త అన్నడు. ఇస్తాండు. రూపాయి తేడా లేదు."

"రెండేండ్లసంది గిట్లనే నడుస్తాందా?"

"మంచిగనే నడుస్తాంది గదా అని..."

అర్థమైంది. ఊళ్ళో ఈ డాక్టరు చేతిలో పడ్డ ప్రతి పన్నూ కాగితాల ప్రకారం మైసూర్‌పాక్‌గా అమ్ముడవుతోంది. డాక్టరు ఉత్తరం రాసిచ్చాడు. కానీ డబ్బు చేరింది సేటు ఖాతాకు. అది తనది కాదని సేటు చెప్పాలి.

సేటు మర్యాదస్తుడు. నేను నోరు తెరవకముందే పాలకోవా పెట్టాడు. మొత్తం విన్నాడు.

"డాక్టరు పైసలు నా ఖాతల వడ్డయి, నేను ఆయనకిచ్చిన అని రాసియ్యాలె. పుస్తకంల కాయితం జిరాక్స్ ఇయ్యాలె. గంతేనా తమ్మీ?"

"గంతే సేటూ."

"ఇయ్య."

"ఎందుకు సేటూ?"

"ముప్పై ఏండ్లసంది దుకాణం నడుపుతాన. ఇన్‌కం ట్యాక్సోల్లకు నా అంతట నేను ఒక్క కాయితం ఇయ్యలే. ఆల్లకు నా అడ్రసు నువ్వెందుకు జెప్తవు?"

"బోర్డు మీద ఉన్నది కదా సేటూ."

"బోర్డు చూసి వచ్చేటోల్లు మిఠాయి కొంటరు. కాయితం చూసి వచ్చేటోల్లు కొనరు."

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి సిద్ధమై వెళ్ళాను. సత్యం గురించి, ఒక తల్లి మాట గురించి, అన్యాయంగా నింద మోస్తున్న ఒక అధ్యాపకురాలి గురించి మాట్లాడాను. దారిపొడవునా బండి మీద సాధన చేసుకుంటూ వచ్చిన ఉపన్యాసం. పక్కనున్న గిరాకీ ఒకాయన ఆగి మరీ విన్నాడు, తల కూడా ఊపాడు. సేటు ఆయనకు పావుకిలో తూచి ఇచ్చి, డబ్బు వచ్చినట్టు స్కానర్ డబ్బా మోగేదాకా ఆగి, నా వైపు తిరిగాడు.

"మంచిగ మాట్లాడినవు తమ్మీ. ఇయ్య."

నాలుగు రోజులు మిగిలాయి. మేడం ఒక్కసారి వెళ్ళింది. ఆమెకూ పాలకోవానే దొరికింది. మా సారు మాత్రం ఊరుకోకుండా, "ఎన్ని దినాలు తింటవురా పాలకోవ, మొత్తం మీద లాభంలనే ఉన్నవు," అని ప్రోత్సహించాడు.

గురువారం పొద్దున ఆఫీసు మెట్ల మీద ఒక పెద్దావిడ కనిపించింది. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. పక్కన మేడం. తల్లిని నేను చూడటం అదే మొదలు. ఒకసారి నవ్వింది. అరవై రెండు వేలు ఎక్కడికీ పోలేదు.

"నువ్వేనా బిడ్డా, పసుపు పూసింది?"

"నేనే అమ్మమ్మా."

"పా. ఆ మిఠాయాయన దగ్గరికి నన్ను తీస్కపో."

ఇది సంగ్రామ పర్వం కాబట్టి జాగ్రత్తగా చదవండి. ముగ్గురం ఆటోలో వెళ్ళాం. మధ్యలో ఒకచోట గ్యాసు కోసం పది నిమిషాలు ఆగాం.

దుకాణంలో సేటు లడ్డూలు తూస్తున్నాడు. మమ్మల్ని చూసి, అలవాటుగా, పాలకోవా పళ్ళెం వైపు చెయ్యి చాపాడు.

"అది తర్వాత తింట సేటూ," అంది పెద్దావిడ. "నేను నిన్ను ఏం రాయమంటలే. ఒకటే అడుగుత. నా బిడ్డ నీ డబ్బకు కొట్టిన పైసలు నీవా, డాక్టరువా?"

"డాక్టరువే అమ్మా. నాకెందుకు."

"ఆయనకు ఇచ్చినవా?"

"కిరాయి పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు ఇచ్చిన. అడుగుండ్రి, పైననే ఉన్నడు."

"మరి సర్కారోల్ల కాయితంల అవి నీ పైసలే అని ఉన్నదట. నీవి గాని పైసలు నీ పేరు మీద ఎందుకు ఉంచుకుంటవు?"

సేటు లడ్డూను తక్కెడలోంచి తీసి మళ్ళీ పెట్టాడు. ఆయన వంక చూస్తుంటే నాకు హఠాత్తుగా, ఒక ఉపన్యాసం ఆలస్యంగా, విషయం వెలిగింది. నేను ఇన్నాళ్ళూ మేడం నష్టం గురించి చెప్తున్నాను. సేటుకు సేటు నష్టం గురించి చెప్పినవాడు లేడు.

"సేటూ, అమ్మ అడిగింది రేపు ఆల్లు అడుగుతరు," అన్నాను. "రెండేండ్ల నుంచి డాక్టరు గిరాకీ అంత నీ ఖాతల వడ్డది. అది నీది గాదని నువ్వు చెప్పకపోతే అది మిఠాయి అమ్మిన పైసలే. గా మిఠాయికి జీఎస్టీ ఏది అని అడిగితే ఏం జెప్తవు?"

జీఎస్టీ అన్న మాటను నేను సరైన చోట వాడటం అదే మొదటిసారి.

సేటు కాసేపు పైకప్పు వంక చూశాడు. పైకప్పు మీద డాక్టరు ఉన్నాడు. సేటు రెండేళ్ళ పళ్ళన్నీ కూడుతున్నాడని పెదవుల కదలికను బట్టి తెలుస్తోంది. మొత్తం వచ్చినట్టుంది. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి, ఎర్రగుడ్డ అట్ట ఉన్న పొడుగుపాటి పుస్తకం తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాడు.

తమ్ముళ్ళూ, నేను నాలుగేళ్ళలో చాలా లెక్కలు చూశాను. అలాంటి పేజీ చూడలేదు. పైన "మీది డాక్టరు", అంటే పై అంతస్తు డాక్టరు, అని రాసి ఉంది. తేదీ, వచ్చిన మొత్తం, ఎవరి పళ్ళు, పట్టుకున్న కిరాయి, ఇచ్చింది, పక్కన ప్రతి వారం డాక్టరు సంతకం. రోగుల పేర్లు సేటుకు తెలియవు కనుక తనకు తెలిసినట్టు రాసుకున్నాడు. "ధర్మసాగర్ ముసలాయన." "బుల్లెట్ బండి పిల్లగాడు." "కాలేజీ మేడం తల్లి." మా నాలుగు చెల్లింపులూ ఉన్నాయి. నాలుగోది చూశాను. పన్నెండు వేల రెండొందల నలభై. పక్కన సేటు చేతిరాత: డాక్టరుకు పన్నెండు వేలు, సకినాలు అరకిలో రెండొందల నలభై మనది.

నేను మేడం వంక చూశాను. మేడం తల్లి వంక చూసింది.

"పండ్లు పెట్టిన దినం," అంది పెద్దావిడ ఏమాత్రం తడుముకోకుండా. "డాక్టరు నెల దినాలు మెత్తటివే తినుమన్నడు. ఇరిగితే ఇప్పుడే ఇరగాలె గదా, నెల దాటినంక ఇరిగితే ఎవలు జిమ్మెదారు? అందుకని గట్టిగ ఉంటయని సకినాలు కొనిచ్చుకున్న."

"ఇరిగినయా అమ్మా?" అన్నాడు సేటు.

"సకినాలు ఇరిగినయి."

సేటు ఉత్తరం మీద సంతకం పెట్టి, ముద్ర వేసి, పేజీల జిరాక్సు తానే తీయించి ఇచ్చాడు. తర్వాత మెట్ల వైపు తిరిగి, "డాక్టర్ సాబ్, రేపటిసంది నీ స్కానర్ నువ్వు తెచ్చుకో," అని కేకేశాడు. పాలకోవాకు డబ్బు తీసుకోలేదు.

అన్నీ పంపి, వీడియోలో మా మాట వినమని కోరాం. విన్నారు. మా సారు బల్ల మీద లాప్‌టాప్, ముందు మేడం, పక్కన ఇస్త్రీ చీరలో తల్లి, ఇటు నేను, అటు మా సారు. తెర మీద అధికారి మొహం కనబడదు, ఇప్పటి పద్ధతి అదే. నల్లటి చతురస్రంలోంచి ఇంగ్లిష్ గొంతు ఒకటి వస్తుంది. ఏ ఊరి నుంచో కూడా తెలియదు. గొంతు మర్యాదగానే ఉంది. దుకాణం సంగతి, కిరాయి సంగతి అడిగింది. మేడం చెప్పింది. నేను మధ్యలో రెండుసార్లు చట్టం గురించి మాట్లాడబోతే మా సారు బల్ల కింద కాలు తొక్కాడు.

అప్పుడు గొంతు అడిగింది. రసీదు అరవై రెండు వేలు, చెల్లింపులు అరవై రెండు వేల రెండొందల నలభై, ఈ తేడా దేనికి?

"జీఎస్టీ అను," అన్నాడు మా సారు పెదవులు కదపకుండా.

"సకినాలు సార్," అంది మేడం.

అదేమిటని అడిగారు. బియ్యప్పిండి, నువ్వులు, చుట్టలు చుట్టలుగా ఉంటుందని నేను ఇంగ్లిష్‌లో వర్ణించాను. నా ఉద్యోగ జీవితంలో శాఖ ముందు నేను చేసిన ఏకైక వాదన అది.

అంటే వైద్య ఖర్చుతో పాటు తినుబండారాలు కూడా కొన్నట్టు ఒప్పుకుంటున్నారా అని గొంతు అడిగింది. మా సారు కళ్ళు మూసుకున్నాడు.

"కొన్నం సార్. పుస్తకంల కూడ ఉన్నది, చివరి వరుస చూడుండ్రి," అని ఇంగ్లిష్‌లో చెప్పింది మేడం. "మేము అడిగింది యాభైవేలే. సకినాలకు పన్ను తగ్గించమని అడగలే."

కాగితాలు తిరగేసిన చప్పుడు. నోట్ చేసుకున్నాను అంది గొంతు.

ఆపైన పెద్దావిడ చేయాల్సిన పని చేసింది. లాప్‌టాప్ దగ్గరికి జరిగి, నోరు పూర్తిగా తెరిచి, పైవరుసా కిందివరుసా కెమెరాకు చూపించింది. అది అవసరం లేదు మేడం అంది గొంతు కాస్త కంగారుగా.

"చూడకుంట ఎట్ల రాస్తడు?" అంది ఆమె నన్ను. అవతల మైకు ఆగిపోయింది. విచారణ మొత్తం పదకొండు నిమిషాలు.

ఉత్తర్వు రావడానికి నెల దాటింది. ఆ నెలంతా నేను రోజుకు ఆరుసార్లు పోర్టల్ తెరిచాను. మా సారు అది గమనించి, "గట్ల చూస్తే తొందరగొస్తదా?" అన్నాడు, తాను ఏడోసారి తెరుస్తూ. వచ్చింది. మినహాయింపు పూర్తిగా ఒప్పుకున్నారు. కట్టాల్సింది సున్నా. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. దాన్ని నేను చాలాసార్లు చదివాను. దుకాణపు పద్దులో చిల్లర తినుబండారపు కొనుగోలును కూడా విడిగా చూపి ఉండటం వల్ల, ఆ పద్దు అవసరం కోసం తర్వాత సృష్టించినది కాదని నమ్మదగి ఉన్నది. దొంగ లెక్క రాసేవాడు సకినాలు రాయడని ఆ మొహం లేని మనిషి గ్రహించాడు. ఆయన ఏ ఊరివాడైనా నా తరఫున ఒక నమస్కారం.

మేడం ఆ మూడు పేజీలూ స్టాఫ్ రూం నోటీసు బోర్డు మీద, పరీక్షల టైంటేబుల్ పక్కన, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి పెట్టింది. టైంటేబుల్ మారింది గానీ ఆ కాగితాలు సెలవుల దాకా కదల్లేదట. తొమ్మిది మందీ చదివారట. చదవనట్టు చదివారట.

మా సారు నన్ను పిలిచి, "మంచిగ జేసినవురా," అన్నాడు. ముప్పై ఏళ్ళలో శాఖ మాటకు ఎదురు చెప్పి గెలవడం ఆయనకూ మొదటిసారే. ఆ వారమంతా వచ్చినవాళ్ళకల్లా ఈ కేసు చెప్పాడు. చెప్పినకొద్దీ అందులో నా పాత్ర తగ్గి, శనివారం నాటికి నేను ప్రింటర్ కొట్టినవాణ్ణిగా మిగిలాను. నిజానికి అది మరీ తప్పు కాదు.

ఆ ఆదివారం పెద్దావిడ పిలిస్తే చర్చికి వెళ్ళాను. వెనక బెంచీలో కూర్చున్నాను. ఆమె లేచి, ముందుకు నడిచి, పుస్తకం తెరిచి, కళ్ళజోడు సర్దుకుని చదివింది. మైకు పెట్టబోతే చేత్తో పక్కకు జరిపింది. ఒక్క అక్షరంలోనూ గాలి పోలేదు. నా బెంచీ దాకా ప్రతి మాటా గుండ్రంగా వచ్చి చేరింది. పక్కనున్న మేడం కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదు, ఎందుకంటే నేను పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు గట్టిగా చూస్తున్నాను. నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను వేసిన కొన్ని వందల రిటర్నుల్లో, వేసినందుకు వినబడిన ఫలితం అదొక్కటే.

మరుసటి ఏడాది మేడం ఇంటి అప్పు తీరిపోయింది, దాంతో ఆ వడ్డీకి వచ్చే మినహాయింపూ పోయింది. లెక్క వేసి చూస్తే ఆమెకు కొత్త పన్ను విధానమే లాభమని తేలింది, అందులోకి మార్చాను. కొత్త విధానంలో అమ్మానాన్నల వైద్యానికి ఈ మినహాయింపు లేదు.